చుక్కల వెనక సకురా

మూడోసారి కూడా తప్పే కొట్టాను.

2020 మే నెల, టోక్యో. కరోనా సాయంగా జపాన్ ప్రభుత్వం మనిషికి లక్ష యెన్‌లు ఇస్తానంది. అక్కడ నివాసం నమోదు చేసుకున్న మాలాంటి విదేశీయులకు కూడా. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలంటే మై నంబర్ కార్డును (మన ఆధార్‌కి దూరపు చుట్టం అనుకోండి) ఫోనుకు ఆనించి పిన్ కొట్టాలి. కార్డు తీసుకున్న రోజున రెండు రకాల తాళాలు పెట్టుకోమన్నారు. ఒకటి నాలుగంకెల పిన్. రెండోది సంతకం బదులు వాడేది, 6 నుంచి 16 అక్షరాలు, ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలూ అంకెలూ కలిపి. పిన్ మూడుసార్లు తప్పితే కార్డు బిగుసుకుపోతుంది. సంతకానిదైతే ఐదుసార్లు. ఆ తర్వాత మనిషి స్వయంగా వార్డు ఆఫీసుకు వెళ్లి విప్పించుకోవాల్సిందే.

వెళ్లాను. క్యూ బయటి మెట్ల దాకా ఉంది. మాస్కులు, మనిషికీ మనిషికీ మధ్య నేలమీద టేపు గీతలు. జనం గుమిగూడకూడదని పెట్టిన ఆన్‌లైన్ దరఖాస్తు, పిన్ మరిచిపోయినవాళ్లందర్నీ తెచ్చి ఒక్కచోట నిలబెట్టింది. ఆ నెలంతా దేశమంతటా ఇవే క్యూలు, టీవీలో చూపించారు కూడా. నా ముందున్న పెద్దాయన చేతిలో అరచేతంత నోటుబుక్కు. పేజీలు తిప్పుతున్నాడు, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతున్నాడు, మళ్లీ మొదటి పేజీకి వస్తున్నాడు. నా వంతు వచ్చాక కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పి, తను గోడ వైపు తిరిగింది. కొత్త పిన్ పెట్టుకోమంది. ఏం పెట్టానంటారా? మా ఊరి పిన్‌కోడులో చివరి నాలుగంకెలు. అప్పటికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాది పన్నెండేళ్ల సర్వీసు. (ఇప్పుడది మార్చేశాను, ప్రయత్నించకండి.)

అందుకే ఏటేటా వచ్చే ఆ జాబితాను చూసి నాకు నవ్వు రాదు. నార్డ్‌పాస్ అనే సంస్థ దేశాలవారీగా జనం ఎక్కువగా వాడే పాస్‌వర్డ్‌లను ప్రకటిస్తుంటుంది. జపాన్‌లోనే సోలిటన్ సిస్టమ్స్ అనే కంపెనీ కూడా బయటికి పొక్కిన పాస్‌వర్డ్‌లను ఏరి ర్యాంకులు వేసింది. వార్త మాత్రం ఎప్పుడూ ఒకటే. బుల్లెట్ రైళ్లు నడిపే జపాన్‌వాళ్లు కూడా ఇంకా 123456 దగ్గరే ఉన్నారట! పై వరసలో ఉండేవి ప్రపంచమంతటా ఉండేవే. 123456, దాని అన్నదమ్ములు, ఆ తర్వాత 'పాస్‌వర్డ్' అన్న మాటే పాస్‌వర్డ్‌గా. కాస్త కిందికి దిగితే అప్పుడు జపాన్ కనిపిస్తుంది. సకురా, అంటే చెర్రీ పువ్వు. డోరేమాన్. తకహిరో లాంటి మగపేర్లు. వాటి మధ్యలో పిచ్చిరాతలా ఒక వరస: 1, క్యూ, ఏ, జెడ్, 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్.

ముందు ఒక సంగతి. ఈ జాబితాలు దొంగల చేతికి చిక్కినవాటి జాబితాలు. ఎప్పుడో ఒక కూపన్ కోసం తెరిచి వదిలేసిన ఖాతా, ఆటల సైట్లో రోబో ప్రోగ్రాములు తెరిచిన దొంగఖాతా, అన్నీ ఒకే రాశిలో ఉంటాయి. వాటిని చూసి 'జపాన్ జనం బ్యాంకు తాళం 123456' అనడం, చెత్తకుండీలో దొరికిన చెప్పుల్ని బట్టి ఊరివాళ్లు ఏం తొడుక్కుంటారో తేల్చడం లాంటిది.

అయినా సకురా అక్కడ ఊరికే లేదు.

జపాన్‌లో ఏ వెబ్‌సైట్ తెరిచినా పాస్‌వర్డ్ గడి పక్కన ఒక సూచన ఉంటుంది: 'హంకాకు ఎయిసూజి'. అంటే సగం వెడల్పు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు. వాళ్ల కంప్యూటర్లలో ఒకటి అనే అంకె రెండు వెడల్పుల్లో ఉంటుంది. జపనీస్ అక్షరాల సైజులో ఒకటి, ఇంగ్లిష్ సైజులో ఒకటి. కంటికి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు గుర్తులు. పైగా పాస్‌వర్డ్ గడిలో వేలు పెట్టగానే జపనీస్ టైపింగ్ ఆగిపోతుంది. కొట్టింది చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి ఏ అక్షరం పడుతోందో కూడా తెలియదు. పగలంతా మూడు లిపుల్లో, అంటే హిరగానా, కతకానా, కంజీల్లో చదివి రాసే మనిషి, తన జీవితంలోకెల్లా గుట్టుగా దాచాల్సిన మాటను మాత్రం బళ్లో ఆలస్యంగా నేర్చుకున్న 26 అక్షరాల్లో దాచాలి.

మా నాన్న సంగతి చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తెనాలిలో ఉంటాడు, రిటైరయ్యాడు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక డైరీలో రాసుకుంటాడు, తెలుగులో. 'పెద్ద ఎస్, యు, బి, బి, ఎ, ఎట్, 123' అని. కొన్నిచోట్ల 'పెద్ద' అని రాయడం మరిచిపోయాడు. కొన్నిచోట్ల 'ఇ' అని ఉంటుంది, అది ఇంగ్లిష్ 'ఇ'నా, లేక 'ఇ' శబ్దం వచ్చే 'ఐ'నా ఆయనకే తెలియదు. ఫోన్ చేసి, "ఏరా, చిన్న ఎస్సా పెద్ద ఎస్సా?" అంటాడు. "పెట్టింది నువ్వు కదా నాన్నా" అంటే, "పెట్టించింది నువ్వు" అంటాడు. మాట నిజమే. పేరు, ఎట్, 123 అన్న సూత్రం మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఎంతమంది వాడుతున్నారో మీకూ తెలుసు. ఒక పెద్దక్షరం, ఒక గుర్తు, కొన్ని అంకెలు ఉండాలని గడి అడిగింది, మనం ఇచ్చాం. అడిగినంతే ఇచ్చాం.

నా వాదన ఇంతే. బలహీనమైన పాస్‌వర్డ్ మనిషి బద్ధకానికి కొలత కాదు. తన భాషలో గుర్తుపెట్టుకునేవాణ్ణి పరాయి అక్షరాల్లో గుట్టు దాచమంటే అతను ఎక్కడెక్కడ చెయ్యి పెడతాడో చెప్పే పటం అది. అంకెల దగ్గరికి వెళ్తాడు, ఎందుకంటే అంకెలు అందరివీ. కీబోర్డు వరసల దగ్గరికి వెళ్తాడు, ఎందుకంటే వేళ్లకు భాష అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తను తప్పు లేకుండా రాయగలిగిన నాలుగు మాటల దగ్గరికి వెళ్తాడు. సొంత పేరు, పిల్లల పేర్లు, పూల పేర్లు.

ఆ నాలుగు మాటల్లోనూ ఒక చిక్కుంది. జపనీస్‌ను ఇంగ్లిష్ లిపిలో రాస్తే హల్లు, అచ్చు, హల్లు, అచ్చు, సా-కు-రా, తా-కా-హి-రో అని మెట్లు దిగినట్టు దిగుతుంది. ఎనిమిది ఇంగ్లిష్ చిన్నక్షరాలను ఇష్టమొచ్చినట్టు పేరిస్తే 20,882 కోట్ల రకాలు వస్తాయి. అవే ఎనిమిది అక్షరాలు నాలుగు జపనీస్ ధ్వనులు అనుకోండి. ధ్వనులు ఉజ్జాయింపుగా 70 ఉన్నాయనుకున్నా, 70ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 2 కోట్ల 40 లక్షలు. 20 వేల కోట్ల అడవి అనుకున్నది రెండున్నర కోట్ల తోటయింది. అందులో అర్థమున్న మాటలు ఎన్నో తీసిచూస్తే తోట కాస్తా పెరడు. దొంగ ప్రోగ్రాముకి అది టీ తాగేలోపు పని. మనదీ అచ్చులతో అంతమయ్యే భాషే కాబట్టి ఈ లెక్క చూసి నేనేం సంబరపడలేదు.

ఆ పిచ్చిరాత సంగతి. 1, క్యూ, ఏ, జెడ్ అన్నవి కీబోర్డులో ఎడమ చివర పైనుంచి కిందికి ఒక నిలువు వరస. పక్క వరస 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్. ఎనిమిది అక్షరాలూ వచ్చేశాయి, అంకెలూ వచ్చేశాయి, గడి ఊరుకుంది. చూడ్డానికి ఎంత గుట్టుగా ఉందో! ఇంత గుట్టైనది వేలమందికి ఒకేసారి తట్టింది, అదీ ఇబ్బంది.

జపాన్ కీబోర్డుల మీద ప్రతి మీటకూ ఇంగ్లిష్ అక్షరం పక్కనే ఒక హిరగానా అక్షరం కూడా ముద్రించి ఉంటుంది. ఎన్ మీట మీద 'మి', టి మీద 'కా'. అందుకే ఎన్‌టీటీ అనే టెలిఫోన్ కంపెనీని ఇంటర్నెట్లో సరదాగా 'మికాకా' అంటారు. దీన్ని తిప్పి వాడేవాళ్లూ ఉన్నారు. జపనీస్ మాటను మనసులో అనుకుని, ఇంగ్లిష్ మోడ్‌లో ఆ మీటలే నొక్కితే పిచ్చిగీతలాంటి పాస్‌వర్డ్ వస్తుంది. భలే ఉపాయం అనిపిస్తుంది. తైవాన్‌లో వాళ్ల లిపి మీటలతో ఇదే పని చేశారు. 12 అక్షరాల ఒక గజిబిజి పాస్‌వర్డ్ లీకైన రాశుల్లో వందకు పైగా సార్లు ఉందని 2019లో బయటపడింది. తీరా చూస్తే వాళ్ల భాషలో దాని అర్థం 'నా పాస్‌వర్డ్'. మీటల మీదే తెలుగు అక్షరాలుండే మన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'అమ్మ' అని కొట్టే మీటల్ని ఇంగ్లిష్‌లో చదివితే పెద్ద డి, సి, డి, సి. ఈ కీబోర్డు వచ్చినవాళ్లు మనలో తక్కువ కాబట్టి కొన్నాళ్లు దాగుతుందేమో. అమ్మ మాత్రం అందరికీ అమ్మే.

ఇక అంకెలు. ఇక్కడ జపాన్‌వాళ్ల సరదా వేరు. ప్రతి అంకెకూ రెండు మూడు ఉచ్చారణలు ఉండటంతో అంకెలతో మాటలు కడతారు, 'గొరోఅవాసె' అంటారు. 4649 అంటే యో-రో-షి-కు, 'మీ దయ ఉండాలి' అనే మర్యాద మాట. 39 అంటే సాన్-క్యూ, థాంక్యూ. 2525 నికొనికొ, చిరునవ్వు. కమకురా షోగునుల (సైనిక పాలకుల) పాలన మొదలైన 1192ను ఇ-ఇ-కు-ని, అంటే 'మంచి దేశం' అని బళ్లో బట్టీ పట్టించేవారు (ఇప్పటి పాఠ్యపుస్తకాలు ఆ ఏడాది దగ్గరే ఆగడం లేదు, అది వేరే గొడవ). ఇతో పట్టణంలోని హతోయా హోటల్ ఫోన్ నంబరు 4126, యో-ఇ-ఫు-రో, 'మంచి స్నానం'. టీవీ ప్రకటనలో పాటగా విని తరాలు పెరిగాయి. మనకు మాత్రం తక్కువా? అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది ఉంది కదా. ధీరశంకరాభరణం రాగం పేరులోనే అది 29వ మేళకర్త అని, మేచకల్యాణి పేరులోనే 65వదని ఉంది. మాటలో అంకె దాచాం మనం, అంకెలో మాట దాచారు వాళ్లు. కాకపోతే దేశమంతా నేర్చుకున్న గుర్తు గుట్టుగా పనికిరాదు. 4649 చూస్తే ఐదో తరగతి పిల్లవాడు చదివేస్తాడు.

పుట్టినరోజైతే మరీ. నాలుగంకెల పిన్ 10,000 రకాలుగా ఉండొచ్చు. నెలా తేదీ పెట్టేవాడు దాన్ని 366కి దించేస్తాడు. 2012లో నిక్ బెర్రీ అనే ఆయన లీకైన 34 లక్షల నాలుగంకెల సంఖ్యలు లెక్కేస్తే ఒక్క 1234 వాటాయే 11 శాతానికి దగ్గరగా వచ్చింది. అవి జపాన్ లెక్కలు కావు, మనుషుల లెక్కలు.

ఇంటర్నెట్‌తో పనిలేకుండానే ఈ కథ జపాన్‌లో ఒకసారి నడిచింది. గోల్ఫ్ మైదానాల్లో విలువైన వస్తువులు దాచుకునే చిన్న లాకర్లు ఉంటాయి. నాలుగంకెలు నొక్కి పర్సు అందులో పెట్టి ఆటకు వెళ్తారు. 2005 జనవరిలో పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. అందులో ఒక గోల్ఫ్ కోర్సు మేనేజరే ఉన్నాడు. ఆట సాగుతున్న గంటల్లో లాకర్ తెరిచి, ఏటీఎం కార్డు అయస్కాంత పట్టీని కాపీ చేసుకుని, కార్డును మళ్లీ ఉన్నచోటే పెట్టేసేవారు. మరి పిన్? లాకర్ పెట్టెకి కొట్టిన నాలుగంకెలు చూసుకునేవారు, అంతే. చాలామందికి లాకర్ నంబరూ బ్యాంకు నంబరూ ఒకటే. ఎవరూ ఏ గోడా దూకలేదు.

ఇక్కడ రెండు సంగతులున్నాయి, నేను రెంటినీ ఒప్పుకుంటాను. ఒకే తాళంచెవి అన్ని తలుపులకూ వాడటం, ఇది మన తప్పే. భాష అడ్డొచ్చిందనో గడి చిన్నదనో దీన్ని వెనకేసుకు రాలేను. జపాన్‌లో కంప్యూటర్ భద్రత చూసే జేపీసెర్ట్ అనే సంస్థ 2014లోనే 'పాస్‌వర్డ్ తిరగతిప్పి వాడటం ఆపండి' అని ప్రచారం మొదలుపెట్టింది. రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. అప్పట్లో అక్కడి పార్లమెంటు కస్టమర్లను తిట్టి ఊరుకోలేదు. 2005 ఆగస్టులో ఒక చట్టం చేసింది, 2006 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. నకిలీ కార్డుతో డబ్బు పోతే, ఖాతాదారుడిది మరీ ఘోరమైన నిర్లక్ష్యం కాకపోతే, నష్టం బ్యాంకుదే. మనుషులు పుట్టినరోజులు పెడతారని తెలిసే మిషన్ పెట్టారు కదా, కాబట్టి బరువు మోయండి అన్నట్టు. ఈ న్యాయం పాస్‌వర్డ్‌ల లోకంలో ఇంకా పూర్తిగా రాలేదు.

పాత జపాన్‌కి తాళాలు వేరువేరుగా ఉంచుకోవడం రాక కాదు. వాళ్లకు సంతకం బదులు ముద్ర ఉంటుంది, హంకో. పద్ధతిగా ఉన్న ఇంట్లో మూడు ముద్రలు. ఇల్లూ పొలం లాంటి పెద్ద కాగితాలకు ప్రభుత్వం దగ్గర నమోదు చేసిన జిత్సుయిన్, బ్యాంకుకు గింకోయిన్, పార్సిల్ అందుకోవడానికి మితొమెయిన్. మొదటి రెండూ బీరువాలో, మూడోది గుమ్మం దగ్గర. వంద యెన్‌ల కొట్లో సాతో, సుజుకి లాంటి ఇంటిపేర్ల ముద్రలు తిరిగే స్టాండులో వేలాడుతుంటాయి. ముద్రల లోకంలో 123456 అవే! ఒకప్పుడు బ్యాంకులు పాస్‌బుక్కులోనే ఆ ముద్ర వేసి ఉంచేవి. దొంగలు దాన్ని స్కాన్ చేసి నకిలీ ముద్రలు చేయించడం మొదలుపెట్టాక మానేశాయి. తాళాన్నే తాళంచెవి బొమ్మతో అమ్మినట్టు ఉండేది. అయినా మూడు ముద్రలంటే మనిషి తట్టుకున్నాడు. ఇప్పుడు నా ఫోన్లో ఎన్ని ఖాతాలున్నాయో లెక్కపెట్టబోయి 80 దాటాక ఆపేశాను.

టోక్యోలో నేను పనిచేసిన క్లయింటు ఆఫీసులో పాస్‌వర్డ్ 90 రోజులకోసారి మార్చాలి. పాతది మళ్లీ పెట్టకూడదు. నా పక్క సీటు సీనియర్ చాలా జాగ్రత్తపరుడు, గొడుగుకి కూడా పేరు రాసుకునే మనిషి. ఒకరోజు కాఫీ మిషన్ దగ్గర నవ్వుతూ తన సూత్రం చెప్పాడు. హరు, నత్సు, అకి, ఫుయు. వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం. పక్కన ఏడాది. 90 రోజులంటే సరిగ్గా ఒక ఋతువు! కిటికీలోంచి చెట్టును చూస్తే చాలు, పాస్‌వర్డ్ గుర్తొస్తుంది. మా టీమ్‌లో సగం మందిది అదే పద్ధతని తర్వాత తెలిసింది. (మనకు ఆరు ఋతువులు కాబట్టి మనవాళ్లు 60 రోజుల నియమం పెట్టుకుంటే సరిపోతుంది.) ఇలా మార్పించే సలహాను అమెరికా ప్రమాణాల సంస్థకు 2003లో రాసిచ్చిన బిల్ బర్, తను రాసినదానిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో పత్రికవాళ్లతో చెప్పాడు. జపాన్ కమ్యూనికేషన్ల శాఖ కూడా 2018 మార్చిలో తన సలహా తిప్పి రాసింది. లీకైతే తప్ప ఊరికే మార్చనక్కర్లేదు అని. మా క్లయింటు ఆఫీసుకి ఆ కబురు నేను వచ్చేసేదాకా అందలేదు.

అదే ఆఫీసులో ఇంకో ఆచారం. ఏ ఫైలు పంపినా జిప్ చేసి పాస్‌వర్డ్ వెయ్యాలి. వెంటనే రెండో మెయిల్లో పాస్‌వర్డ్ పంపాలి. అదే మనిషికి, అదే దారిన, నిమిషం తేడాతో! మొదటి రోజు నాకు అర్థంకాక అడిగాను, మొదటి మెయిల్ చూడగలిగిన దొంగ రెండోది చూడలేడా అని. సీనియర్ చాలాసేపు ఆలోచించి, "నియమం" అన్నాడు. నా ఒక్కడి ఆఫీసు వింత కాదది, దేశమంతా చేసేది. దాన్ని వెక్కిరిస్తూ ఒక నిపుణుడు పీపీఏపీ అని పేరు పెట్టాడు. పెన్నూ పైనాపిలూ యాపిలూ అంటూ 2016లో ప్రపంచమంతా మోగిన ఆ పాట పేరే. పైగా తాళం వేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ చూడలేదు. 2020లో ఎమోటెట్ అనే వైరస్ ఆ సందులోంచే వచ్చింది. ఆ ఏడాది నవంబర్లో డిజిటల్ వ్యవహారాల మంత్రి హిరాయ్ తకుయా ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ పద్ధతి ఎత్తేస్తున్నామని ప్రకటించాక కంపెనీలు ఒక్కొక్కటే మానడం మొదలుపెట్టాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అమగసాకిది. ఒసాకా పక్కన, హ్యోగో రాష్ట్రంలోని నగరం. 2022 జూన్‌లో, నగరపాలక పని చేస్తున్న కాంట్రాక్టు కంపెనీల తరఫు ఉద్యోగి ఒకాయన 4,60,517 మంది నివాసుల వివరాలు, అంటే దాదాపు ఊరందరివీ, ఒక యూఎస్‌బీలో వేసుకుని సుయిత అనే దగ్గర్లోని ఊరికి వెళ్లాడు. పని అయ్యాక తోటివాళ్లతో తాగాడు. రోడ్డు మీదే నిద్రపోయాడు. లేచేసరికి బ్యాగు లేదు. జూన్ 23న నగర అధికారులు మీడియా ముందుకొచ్చి వంగి క్షమాపణ చెప్పారు. భయపడకండి, ఫైళ్లకు పాస్‌వర్డ్ ఉందన్నారు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. అక్షరాలూ అంకెలూ కలిపి 13 అని కూడా చెప్పేశారు.

ఇంటర్నెట్ వేళ్ల మీద లెక్కపెట్టింది. అమగసాకి అన్న పేరు ఇంగ్లిష్‌లో తొమ్మిది అక్షరాలు. 2022 నాలుగంకెలు. మొత్తం పదమూడు. సాయంత్రానికల్లా 'అమగసాకి 2022' ట్విట్టర్ ట్రెండింగ్‌లో ఉంది. అసలు పాస్‌వర్డ్ అదేనని ఎవరూ తేల్చలేదు. నాకు అదీ అక్కర్లేదు. 13 అక్షరాలంటే లెక్కప్రకారం బ్రహ్మాండమైన తాళం. అయినా అంతమంది ఒకేసారి ఒకే ఊహ చేశారంటే, ఆఫీసుల్లో పాస్‌వర్డ్‌లు ఎలా పుడతాయో దేశం మొత్తానికీ తెలుసు. ఊరి పేరు, ఏడాది. మర్నాడు బ్యాగు ఒక అపార్టుమెంటు ఆవరణలో దొరికింది, యూఎస్‌బీతో సహా.

జనం అజ్ఞానం గురించి మాట్లాడేవాళ్లు గడికి అవతలున్నవాళ్ల సంగతి ఎందుకో ఎత్తరు. 2018 నవంబర్లో జపాన్ సైబర్ భద్రత మంత్రి సకురదా యోషితకా పార్లమెంటులో, తను కంప్యూటర్ సొంతంగా ఎప్పుడూ వాడలేదన్నాడు. (ఆయన ఇంటిపేరులో కూడా సకురా ఉంది, నేనేం చెయ్యను.) 2019 జూలై 1న సెవెన్-ఇలెవెన్ దుకాణాలు 7పే అనే చెల్లింపు యాప్ తెచ్చాయి. మూడు రోజులు తిరక్కుండా ఖాతాల్లోకి దొంగలు పడ్డారు. ఆ యాప్‌లో పాస్‌వర్డ్ మరిచిపోయానంటే కొత్తది పెట్టుకునే లింకు వేరే మెయిల్‌కి కూడా పంపించుకోవచ్చు. దానికి అడిగే వివరాల్లో పుట్టినతేదీ ఒకటి. ఐఫోన్‌లో ఆ తేదీ నింపకుండా వదిలేసినవాళ్లకు యాపే 2019 జనవరి 1 అని వేసేసింది. ఇక ఆ ఖాతాదారుడు పాస్‌వర్డ్ సకురా పెట్టాడా, అరవై అక్షరాలు పెట్టాడా అన్నది ఎవరిక్కావాలి? విలేకరులు రెండంచెల ధ్రువీకరణ (మన ఓటీపీ లాంటి రెండో తాళం) ఎందుకు లేదని అడిగితే, కంపెనీ అధ్యక్షుడికి అదేమిటో తెలిసినట్టే కనిపించలేదు. ఆ సెప్టెంబర్ 30న 7పే మూతపడింది.

మరుసటి ఏడాది డొకొమో అనే మొబైల్ కంపెనీ చెల్లింపు ఖాతాల వ్యవహారం. కేవలం ఒక మెయిల్ ఐడీతో ఖాతా తెరిచి, ఇంకెవరిదో బ్యాంకు ఖాతాను దానికి తగిలించి డబ్బు లాగేశారు. కొన్ని బ్యాంకులు అడిగింది ఖాతా నంబరు, పేరు, పుట్టినతేదీ, నాలుగంకెల పిన్. మూడుసార్లు తప్పితే తాళం పడుతుంది కదా అంటారా? పిన్ 1234 అని ఒకటే పట్టుకుని ఖాతా నంబర్లు మారుస్తూ పోతే ఏ ఖాతాకీ తాళం పడదు. అలా జరిగి ఉండొచ్చని నిపుణులు అప్పుడు అనుమానించారు.

న్యాయంగా చెప్పాలంటే ప్రభుత్వం ఒక తెగింపు పని కూడా చేసింది. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (పరాయి పరికరాలను లొంగదీసుకుని దండుగా నడిపే దొంగ ప్రోగ్రాము) కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టేసింది. మిరాయ్ అంటే జపనీస్‌లో భవిష్యత్తు, చేసింది మాత్రం అమెరికా కుర్రాళ్లు. వాళ్ల ఆయుధం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిట్టా, 60 పైచిలుకు జతలు. టోక్యో ఒలింపిక్స్ దగ్గరపడుతున్నాయని జపాన్ చట్టం సవరించి, 2019 ఫిబ్రవరి 20 నుంచి తన పరిశోధన సంస్థ ఎన్‌ఐసీటీ చేత దేశంలోని దాదాపు 20 కోట్ల ఐపీ అడ్రసుల (ఇంటర్నెట్ చిరునామాల) మీద అలాంటి తేలిక పాస్‌వర్డ్‌లు కొట్టించి చూసింది. తలుపు తెరుచుకుంటే ఇంటర్నెట్ కంపెనీ ద్వారా యజమానికి కబురు. సర్కారే మన గుమ్మం గడియ లాగి చూడటమేమిటని విమర్శలొచ్చాయి, సబబే. కాని నాకు వేరే ప్రశ్న తోచింది. ఆ కెమెరాను 'అడ్మిన్, అడ్మిన్' అనే తాళంతో డబ్బాలో పెట్టి అమ్మినవాడికి ఎవరు కబురు పెట్టారు?

2025లో ఇంకో మెట్టు. జపాన్ ఆన్‌లైన్ షేర్ల ఖాతాల్లోకి దొంగలు వరసగా దిగారు. ఖాతాదారుడి షేర్లు అమ్మేసి, ఆ డబ్బుతో ఎవరూ కొనని చిన్న కంపెనీల షేర్లు కొనిపించి ధర పెంచుకున్నారు. మొదటి నాలుగు నెలల్లోనే అలా అమ్మినవీ కొన్నవీ కలిపితే దాదాపు 30,000 కోట్ల యెన్‌లు. ఎక్కువగా జరిగింది ఫిషింగ్, అంటే అచ్చం బ్రోకర్ సైట్ లాంటి దొంగ పేజీ. అక్కడ మీరు ఎంత కట్టుదిట్టమైన పాస్‌వర్డ్ కొడితే అంత కట్టుదిట్టంగా దొంగకి చేరుతుంది. సకురా పెట్టినవాడూ, 20 అక్షరాల గజిబిజి పెట్టినవాడూ ఒకే పేజీలో ఒకేలా మునిగారు. అప్పుడు గానీ కంపెనీలు రెండో తాళాన్ని తప్పనిసరి చేయలేదు. పాస్‌కీల వైపు నడవడం మొదలైంది. వేలిముద్రో మొహమో చూపిస్తే ఫోనే అసలు సైట్‌ను గుర్తుపట్టి తలుపు తీస్తుంది, దొంగ సైట్‌కి తియ్యదు. గుర్తుపెట్టుకోవాల్సిన మాట లేదు కాబట్టి ఏ భాషలో గుర్తుపెట్టుకోవాలన్న బాధా లేదు.

అది అందరికీ వచ్చేదాకా? నేను పాస్‌వర్డ్ మేనేజర్ వాడతాను, అన్ని పాస్‌వర్డ్‌లనూ తనే దాచిపెట్టే యాప్. దానికి పెద్ద తాళం ఒక్కటే, ఐదు తెలుగు మాటలు, ఒకదానికొకటి పొంతన లేనివి, సామెతా పాటా కానివి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి మనకు ఒక్క పద్ధతి లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. వంకాయను ఎన్ని స్పెల్లింగులతో రాస్తామో వాట్సాప్ చూస్తే తెలుస్తుంది. ఇక నోటుబుక్కులో రాసుకోవడం తప్పని నేననను. వంద యెన్‌ల కొట్లలో పాస్‌వర్డ్‌లు రాసుకునేందుకే పుస్తకాలు అమ్ముతారు. ఇంట్లో బీరువాలోని పుస్తకం దాకా రష్యా నుంచో ఇంకెక్కడి నుంచో ఏ హ్యాకరూ రాడు. వచ్చేది మన అల్లుడే.

2023 డిసెంబర్లో జపాన్ అసలు పిన్ అక్కర్లేని మై నంబర్ కార్డు తెచ్చింది, పిన్ గుర్తుపెట్టుకోలేని పెద్దవాళ్లకోసం. కొన్ని పనులకే పనికొస్తుంది, ఆస్పత్రిలో మొహం చూసి ఒప్పుకుంటారు. క్యూలో నోటుబుక్కు తిప్పుతున్న ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. మూడున్నరేళ్లు ఆలస్యం.

2024 నవంబర్లో అక్కడి వినియోగదారుల కేంద్రం ఇంకో సలహా ఇచ్చింది. మనిషి పోయాక ఫోన్ తెరవలేక ఇంట్లోవాళ్లు అవస్థపడుతున్నారు కాబట్టి, విజిటింగ్ కార్డంత కాగితం మీద ఫోన్ పాస్‌వర్డ్ రాసి, దానిమీద తప్పులు దిద్దే తెల్ల టేపు రెండు మూడు పొరలు అంటించి, బ్యాంకు పుస్తకంతో పాటు దాచుకోమంది. అవసరమైనప్పుడు నాణెంతో గోకితే కనిపిస్తుంది. ఎవరైనా ముందే గోకితే మనకు తెలుస్తుంది.

నాకు నచ్చింది. పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్నకు చెప్పి, కార్డు ముక్కా తెల్ల టేపూ ఇచ్చాను. ఆయన తెలుగులోనే రాసుకున్నాడు, ఈసారి 'పెద్ద' 'చిన్న' అన్నీ విడివిడిగా. టేపు అంటించి ఇన్సూరెన్సు కాగితాల మధ్య పెట్టాడు. నేను హైదరాబాద్ చేరేలోపే ఫోన్.

"ఒరే, గోకితే నిజంగా కనిపిస్తుందో లేదో అని చూశాను. బాగానే కనిపిస్తోంది. ఇంకో టేపు పంపు."